కొలత నీళ్లతో ఎడారికి

ఎడారికి వెళ్లే మనిషికి ఎవరైనా చెప్పే మొదటి మాట, నీళ్లు బాగా తాగమని. మా పేషెంటుకు ఆ ఒక్క మాట చెప్పకూడదు. ఆయనకు రోజుకు ఇన్ని నీళ్లని కొలత. ఆ కొలత పెట్టినవాళ్లలో నేనూ ఒకదాన్ని. అలాంటి మనిషిని అమెరికా ఎడారిలో ఒక పగలు తిప్పి తీసుకురావడానికి నేను ప్లాన్ వేశానంటే, ఇప్పుడు ఐర్లండ్‌లోని కెర్రీలో కొత్తగా చేరుతున్న మన నర్సు పిల్లలు నమ్మరు. "ఆంటీ, మీరు మరీను!" అని నవ్వుతారు. అందుకే సంగతంతా కూర్చుని రాస్తున్నాను. నవ్వుకునే చోట నవ్వుకోండి.

నాది చీరాల వైపు. మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుని ఐర్లండ్ వచ్చాను. ఉద్యోగంలో రెండో సగమంతా కెర్రీలోనే ట్రాలీ అనే ఊరికి దగ్గర్లో ఒక డయాలిసిస్ యూనిట్‌లో గడిచింది. ఆ పని తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. కిడ్నీలు పనిచేయనివాళ్లు వారానికి మూడుసార్లు వచ్చి, పూటంతా మెషీన్ పక్కన కుర్చీలో పడుకుంటారు. రక్తం మెషీన్‌లోకి వెళ్లి శుభ్రపడి వస్తుంది. ఒంట్లో చేరిన నీరు బయటికి పోవడానికి చాలామందికి అదొక్కటే దారి. మధ్యలో తాగిందంతా లోపలే ఉంటుంది. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకే ఆ కొలత. మా కుర్చీల్లో కూర్చున్నవాళ్లు నొప్పి గురించి కన్నా దాహం గురించే ఎక్కువ మాట్లాడేవారు.

ఆయన మా దగ్గరికి వచ్చేనాటికి డెబ్భై దాటారు. బతుకంతా టూరిస్టు బస్సు నడిపిన మనిషి. కెర్రీ కొండల చుట్టూ ఇరుకు రోడ్లు, ఒక పక్క బండరాళ్లు, ఇంకో పక్క సముద్రం. పెళ్లి చేసుకోలేదు. టీచరుగా చేసి రిటైరైన అక్కతో కలిసి ఊరి బయట పాత ఇంట్లో ఉండేవారు. ఆవిడే కారులో తెచ్చి దింపేది. పూట అయ్యేవరకు కారులోనే స్వెటర్ అల్లుకుంటూ ఉండేది. లోపలికి రమ్మంటే, "రోజూ చూసే మొహమేగా," అనేది.

ఒకరోజు సూదులు గుచ్చడం అయ్యాక, ఖాళీగా ఉన్న చేత్తో ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించారు. ఎర్రటి రాతిగోడలు రెండు, ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు, మెలితిప్పిన పట్టుచీరలా వంపులు తిరిగి ఉన్నాయి. మధ్యలో మనిషి పట్టేంత సందు. పైన ఎక్కడో సన్నటి ఆకాశం.

"అరిజోనా ఎడారి," అన్నారు. "వరదనీళ్లు రాతిని కోసుకుంటూ పోతే పడ్డ సందులట. అమెరికా వాళ్లు నా బస్సెక్కేవాళ్లు. మన సముద్రం చూసి ఆహా ఓహో అనేవాళ్లు. మళ్లీ సీట్లో కూర్చోగానే వాళ్ల ఎడారి సంగతి మొదలుపెట్టేవాళ్లు. ఎన్నేళ్లు విన్నానో నర్సమ్మా!"

"చూడాలని ఉందా?"

"చూడటం సరే. నేను ప్రతి వ్యూ పాయింట్ దగ్గరా బస్సు ఆపేవాణ్ని కదా. వాళ్లంతా దిగి గట్టు మీదికి పరిగెత్తేవాళ్లు. నేను బండి తిప్పుకోవాలి, వెనక బస్సుకు చోటివ్వాలి, దిగినవాళ్లు ఎక్కారో లేదో చూసుకోవాలి. బతుకంతా నేను చూసింది జనం వీపులే. ఒక్కసారి ఇంకొకళ్లు బండి నడిపితే, నేను దిగాలి."

నవ్వుతూనే అన్నారు. నేను బీపీ పట్టీ చుడుతున్నాను. ఎందుకన్నానో గానీ, "ఎందుకు దిగకూడదు?" అనేశాను. ఆయన నవ్వు ఆపి నా వంక చూశారు. ఆ చూపు తర్వాత మాట వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు.

వీల్లేని పనేమీ కాదు. స్పెయిన్ వెళ్లొచ్చిన పేషెంట్లు మాకు ఉన్నారు. వెళ్లిన చోట ముందే డయాలిసిస్ మాట్లాడుకుంటే చాలు. ఆ ఎడారి దగ్గరి పట్నంలోనూ యూనిట్ ఉందని మా ఇన్‌చార్జ్ నర్సు కనుక్కుంది. రెండు డయాలిసిస్‌ల మధ్య దొరికే ఒక్క పగలే ఆయనది. ఆ పగట్లో గైడుతో వెళ్లి, ఒక సందులోకి దిగి, ఒక లోయ అంచున నిలబడి, సాయంత్రానికి హోటల్ చేరాలి.

ఆ పగలును నేను ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద తయారుచేశాను. మా అమ్మాయి లాప్‌టాప్‌లో వెతికిపెట్టేది. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం కెర్రీ యాసలో ఇంగ్లీషే. ఇద్దరం కలిసి బొమ్మల్లో అన్నిటికన్నా అందంగా ఉన్న సందును ఎంచాం. నేను ప్రింటు తీసి, మర్నాడు గొప్పగా తీసుకెళ్లి అక్కకు చూపించాను. ఆవిడ కారు అద్దం దించి, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఈ మూలన ఉన్నదేంటి?"

ఇనప నిచ్చెన. మేమిద్దరం రాళ్ల రంగులు చూస్తూ నిచ్చెనలు చూడలేదు.

"వీణ్ని లోయలోకి పంపుతున్నావా, ఇంటి కప్పెక్కిస్తున్నావా?" అంది ఆవిడ, అద్దం పైకెత్తుకుంటూ.

రెండోసారి నేల చదునుగా ఉండే సందును వెతికాం. గైడు జీపులో గుమ్మం దాకా తీసుకెళ్తుందట. లోయ అంచును ముందు పెట్టాలా, సందును ముందు పెట్టాలా అన్నదాని మీద అక్కాతమ్ముళ్లకు వారం రోజులు వాదన. అలసిపోయాక ఏ వ్యూ అయినా ఒక్కటే కాబట్టి అంచు పొద్దున్నే చూడాలని ఆయన పట్టు. పొద్దున చలిగాలికి అంచున నిలబెడితే నువ్వు దగ్గుతావని ఆవిడ పట్టు. చివరికి ఆయన మాటే నెగ్గింది, మెడకు ఆవిడ అల్లిన మఫ్లర్ చుట్టుకుంటానన్న ఒప్పందం మీద.

అప్పటికి మా డాక్టరుకు ఇంకా చెప్పలేదు. వరంగల్ పక్క అబ్బాయి, ముప్పై నిండాయో లేదో. వార్డులో నన్ను అందరిలాగే పేరుపెట్టి పిలిచేవాడు గానీ, టీ రూమ్‌లో మేమిద్దరమే ఉంటే ఆంటీ అనేవాడు. విషయం విని కప్పు కింద పెట్టేశాడు.

"ఏంది ఆంటీ, ఆయన్ని ఎడారికి పంపుడేంది? ఎండల నీళ్లు తక్కువ తాగితె బీపీ పడిపోతది, సూదులు గుచ్చే చేతిల రక్తం గడ్డకడ్తది. ఎక్కువ తాగితె మనిషే మునుగుతడు. గా నడిమిట్ల గీత ఎవలు గీస్తరు?"

"మీరే గీయాలి బాబూ."

ఆ అబ్బాయి నవ్వలేదు. "నాకొకసారి అయింది ఆంటీ. వరంగల్ల పనిచేసేటప్పుడు ఒక పెద్దాయన, మనుమరాలి పెండ్లికి పోతనన్నడు. బతిమిలాడిండు. సరే పో అన్న. మళ్ల రాలే."

టీ చల్లారిపోయింది. కాసేపటికి తనే అన్నాడు, ముందు ఇక్కడ ఒక పగలు ఎండలో ఉండి చూపించమను, తర్వాత మాట్లాడదామని.

కెర్రీలో ఎండ ఎక్కడ దొరుకుతుంది? ఆ ఉపాయం అక్కదే. వాళ్ల పెరట్లో టమాటాలు పెంచే ప్లాస్టిక్ గుడారం ఉంది. జూన్ నెలలో ఎండ కాసిన రోజు లోపల ఊపిరాడదు. అలాంటి రోజు చూసి ఆయన్ని లోపల కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆయన వాటా నీళ్లను ఐసు ముక్కలు చేసి ఫ్లాస్కులో పోసి పక్కన పెట్టింది. మధ్యమధ్యలో లేపి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించింది. సాయంత్రం నాకు ఫోన్ చేసింది: "ఇంకా ఐసు మిగిలిందమ్మా! గ్రాండ్‌గా ఉన్నాడు!" ఇక్కడివాళ్ల మాటల్లో గ్రాండ్ అంటే కులాసా అని.

మర్నాడు తూకం చూస్తే బరువు పెరగలేదు. నేను గర్వంగా డాక్టరు వంక చూశాను. గంట తర్వాత రక్తపరీక్ష వచ్చింది. పొటాషియం ఆకాశంలో ఉంది. అది అంత పెరిగితే గుండె చెప్పాపెట్టకుండా ఆగిపోవచ్చు. అందరం పరుగులు పెట్టాం. ఆ పూట గండం గడిచాక కుర్చీ దగ్గర నిలబడి అడిగాను, ఏం తిన్నారని.

ఆయన దుప్పటి అంచు సవరించుకున్నారు. "నీళ్లు తాగొద్దన్నారు గానీ టమాటాలు తినొద్దని ఎవరూ చెప్పలేదే."

చెప్పాం. చేరిన రోజు నుంచీ చెప్తూనే ఉన్నాం, టమాటాల నిండా పొటాషియమేనని. చెట్టు నుంచి వెచ్చగా తెంపి, అక్క ఇంట్లోకి వెళ్లినప్పుడల్లా ఒకటి తిన్నారట.

డాక్టరు కేకలు వేయలేదు. "ప్రయాణం లేదు," అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్ని పూటలు ఆయన వచ్చారు, పడుకున్నారు, వెళ్లారు. అలక కాదది. నేను సూది గుచ్చేటప్పుడు ఎప్పటిలా "మెల్లగా" అనేవారు, వెళ్లేటప్పుడు థాంక్స్ చెప్పేవారు. ఫోన్‌లో బొమ్మ మాత్రం మళ్లీ తీయలేదు. నేనూ ఆ ఊసెత్తలేదు. డాక్టరుది న్యాయమే కదా అనుకున్నాను.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం అక్క కారు దిగి లోపలికి వచ్చింది. అల్లిక సంచి చేతిలోనే ఉంది. డాక్టరుతో మాట్లాడాలంది. నన్నూ ఉండమంది.

"డాక్టరుగారూ, మీరు వద్దన్నది మంచికే. టమాటాలు తిన్నది వాడు. పెరట్లో కూర్చోబెట్టింది నేను," అంది. "ఒక్క మాట చెప్పి పోతాను. మెషీన్ మొదలైనప్పటి నుంచీ నేను మా ఇంట్లో కుళాయి తిప్పే ముందు రేడియో పెడతాను. వాడికి నీళ్ల చప్పుడు వినపడకూడదని. టీ వెనక గుమ్మం బయట నిలబడి తాగుతాను. వాడికి ఇదంతా తెలుసు. నేను నొచ్చుకుంటానని తెలియనట్టు ఉంటాడు. వాడు ఇంకా ఉన్నాడు, దానికి మీకు దండం పెడతాను. కానీ ఇన్నాళ్లలో వాడు నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగింది ఇదొక్కటే."

డాక్టరు తల వంచుకుని విన్నాడు. తర్వాత మెల్లగా, "అక్కడ ఏమైనా జరిగితే మీరు ఒంటరిగా ఉంటారు. అది ఆలోచించారా?" అని అడిగాడు.

"ఆలోచించకుండా ఎలా ఉంటాను? వాడు పుట్టినప్పుడు ముందుగా ఎత్తుకున్నది నేనే."

ఆ అబ్బాయి కిటికీ దగ్గరికి వెళ్లి కాసేపు కార్‌పార్క్ వంక చూశాడు. తిరిగొచ్చి షరతులు చెప్పడం మొదలుపెట్టాడు. వేసవిలో వద్దు, అక్టోబరు చివర్లో. డయాలిసిస్ అయిన మర్నాడే. నడక కొంచెం, ఆగడం ఎక్కువ. అరటిపండ్లు, ఖర్జూరాలు, రంగు డ్రింకులు ముట్టుకోకూడదు. ఆవిడ వెళ్లిపోయాక నాతో అన్నాడు: "చెమట పోతది గద ఆంటీ. ఆ ఒక్క పూట ఇంకొక గ్లాసు ఇయ్యొచ్చు. నేను రాసిస్త." ఆ గ్లాసు నీళ్లు రాసేటప్పుడు ఆ అబ్బాయి మొహం చూడాల్సింది. ఆస్తి రాసిస్తున్నట్టే ఉంది.

అక్టోబరులో అయితే బొమ్మల్లో కనిపించే నిట్టనిలువు వెలుగు స్తంభం ఉండదు. అది ఎండాకాలం మిట్టమధ్యాహ్నమే పడుతుంది. ఆ సంగతి భయపడుతూ చెప్పాను. "పోనీలే," అన్నారాయన. "నా బస్సెక్కినవాళ్లలో సగం మందికి పొగమంచే దక్కింది. అయినా బాగుందనే చెప్పిపోయారు."

ఇక మిగిలింది గైడుకు చెప్పడం. ఆ ఎడారిలో తరతరాలుగా ఉంటున్న ఆదివాసుల మనిషి ఆవిడ, ఆ నేల వాళ్లదే. ఫోన్‌లో పది రకాలుగా నసిగాను. చివరికి, "మీ బండి ఎక్కగానే నీళ్ల సీసా ఇస్తారు కదా, ఆయనకు ఇవ్వకండి," అన్నాను. నాకు పిచ్చనుకుంటోందేమో అనుకున్నాను.

"డయాలిసిసా?" అందావిడ. "మా మేనమామది కూడా అదే కుర్చీ. వారానికి మూడుసార్లు నేనే దింపుతాను. మీ పెద్దాయన్ని నా పక్క సీట్లో కూర్చోబెట్టుకుంటాలెండి."

సగం భూమి అవతల, ఎప్పుడూ చూడని మనిషి, నా పనంతా తెలిసినదానిలా మాట్లాడింది.

ఆ రోజు రానే వచ్చింది. వాళ్లకు అక్కడ మధ్యాహ్నమయ్యేసరికి మాకు ఇక్కడ రాత్రి వంట వేళ. సందులోంచి బయటికి రాగానే ఫోన్ చేస్తామన్నారు. లోపల సిగ్నల్ ఉండదు. వాళ్ల పొద్దున లోయ అంచు నుంచి అక్క ఒక మెసేజ్ పెట్టింది: "దిగాడు. మఫ్లర్ తీసేశాడు." అంతే. నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాను. ఫోన్ గిన్నెల అలమర పక్కన నిలబెట్టుకున్నాను. అనుకున్న సమయం దాటింది. పప్పు మాడింది. ఇంకో గిన్నె పెట్టాను.

ఫోన్ మోగింది. డాక్టరు.

"ఆంటీ, ఫోనొచ్చిందా?"

"లేదు బాబూ. నడక నెమ్మది కదా, వస్తారులెండి."

"సరే." పెట్టేశాడు. కాసేపాగి మళ్లీ చేశాడు. మూడోసారి అడిగాను, మీరెక్కడున్నారని.

"దుకాణం ముందట కార్ల కూసున్న. లోపటికి పోతె సిగ్నల్ ఉండదు."

"వెళ్లి సరుకులు తెచ్చుకో నాయనా," అన్నాను. బాబూ పోయి నాయనా వచ్చింది నోట్లోంచి, డాక్టరన్న సంగతే మరిచిపోయాను. ఆ అబ్బాయి, "కూసుంట తియ్యండి," అన్నాడు.

మా అమ్మాయి వచ్చి స్టవ్ కట్టేసింది. "మామ్, హీ'ల్ బి గ్రాండ్," అంది. నా చేతిలోంచి గరిటె తీసుకుంది. ఇద్దరం నిలబడే ఉన్నాం. అప్పుడు మోగింది.

"ముందే చెప్తున్నా, వాడు బాగానే ఉన్నాడు," అంది అక్క. మా అమ్మాయికి కూడా వినపడేలా స్పీకర్ నొక్కాను.

సందులో సగం దూరం వెళ్లాక ఆయన గోడకు చెయ్యి ఆనించి ఆగారట. మొహం సుద్దలా అయింది, చెమటలు. అక్క సంచిలో పెట్టుకెళ్లిన పట్టీతో చూస్తే బీపీ పడిపోయింది. మా యూనిట్‌లో అది వారంవారం చూసేదే. కుర్చీని వెనక్కి వాల్చి కాళ్లు పైకెత్తుతాం. అక్కడ కుర్చీ లేదు. గైడు కంగారుపడలేదట. మేనమామకు ఎన్నిసార్లు చేసి ఉంటుందో, ఆయన్ని మెల్లగా ఇసకలో వెల్లకిలా పడుకోబెట్టి, అక్కను కూర్చోమని, ఆయన కాళ్లు తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది. డాక్టరు రాసిచ్చిన గ్లాసు నీళ్లు అప్పుడు పట్టించింది. వెనక వస్తున్నవాళ్లకు చెయ్యి చూపించి, గోడ వారన ఒక్కొక్కరినే మెల్లగా దాటించింది.

"భయమేసిందా?" అని అడిగాను.

"వేసింది. తర్వాత వాడు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆపితేగా! ఉండు, ఇస్తున్నా."

ఆయన గొంతు సన్నగా, హుషారుగా వచ్చింది. "నర్సమ్మా, అందరూ ఫోన్లు పైకెత్తుకుని మెడలు నొప్పి పుట్టించుకుంటున్నారు. నేను పడుకుని చూశాను. హాయిగా పడుకుని!"

వెంటనే డాక్టరుకు ఫోన్ చేశాను. కింద ఎంత ఉంది, పైన ఎంత ఉంది, తిరిగి ఎంతకు పెరిగింది అని బీపీ అంకెలన్నీ అడిగి, చివర్లో, "అయితె చూసిండా?" అన్నాడు. చూశారని చెప్పాను. కారు తలుపు తీసిన చప్పుడు వినపడింది.

ఆ అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆయన ఆ తర్వాత ఇంకో రెండు చలికాలాలు మా దగ్గరే ఉన్నారు. కొత్త పిల్లలు నన్ను అడుగుతారు, ఇంత రిస్కు తీసుకోవచ్చా అని. ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన ఆ ఇసకలోంచి లేవకపోయి ఉంటే ఇది వేరే కథ అయ్యేది. బహుశా రాసి ఉండేదాన్ని కాదు. తీసుకోండని గానీ, వద్దని గానీ చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన తిరిగొచ్చిన మొదటి రోజు ఎలా గడిచిందో చెప్దామని రాస్తున్నాను.

ఆ రోజు మా గదిలో ఎవరూ నిద్రపోలేదు. మామూలుగా మెషీన్ పెట్టగానే అందరూ కళ్లు మూసుకునేవారు. ఆయన మొదలుపెట్టారు. రాయి కింద ఊదాగా ఉంటుందట, చూపు పైకి పోయేకొద్దీ ఎర్రబడి, నారింజ రంగు తిరిగి, అంచు దగ్గర నిప్పులా ఉంటుందట. గోడ మీద చెయ్యి పెడితే చల్లగా, నున్నగా, గుర్రం మెడలా ఉందట. లోయ అంచున గైడు ఆయన్ని మోచెయ్యి పట్టుకుని కమ్మీ దాకా తీసుకెళ్లిందట. కింద ఏరు ఆకుపచ్చగా, కదలనట్టే ఉందట. "నా వెనకాల ఎవరో బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు," అన్నారు. "తిరిగి చూడలేదు." అందరూ నవ్వారు. డాక్టరు వేరే పని ఉన్నవాడిలా వచ్చి, ఏ పనీ చేయకుండా గోడకు ఆనుకుని చివరి దాకా విన్నాడు.

మాటలు సద్దుమణిగాక ఇక్కడి గొట్టం, అక్కడి గొట్టం సరిచూసుకుంటూ పక్క కుర్చీ దగ్గరికి వచ్చాను. అందులో ఒక రైతు భార్య. మాతో ఏళ్ల తరబడి ఉంది గానీ, అవును కాదు తప్ప మాట్లాడి ఎరగదు. నా చేతి మీద వేలితో తట్టింది.

"నాకు ఎడారులు అక్కర్లేదు," అంది, పక్కవాళ్లకు వినపడకుండా. "లిమరిక్ పట్నంలో నా స్నేహితురాలు ఉంది. చిన్నప్పుడు ఒకే బెంచీ మాది. ఈ మెషీన్ వచ్చాక దాని ఇంటికి వెళ్లనేలేదు. ఒక రాత్రి అక్కడ పడుకుని, పొద్దున దాని వంటింట్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ టీ తాగాలి. అలాంటిదానికి ప్లాన్ వేస్తారా?"

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఎన్ని కప్పులు?" అని అడిగాను.

"రెండు," అంది, కాస్త భయపడుతూ. నేనేమీ అనకపోయేసరికి, "పెద్దవి," అంది.